అంచు నుంచి ఒక ముక్క

ఇరవై ఐదు నిమిషాలు. ఈ రంగు ఎక్కడానికి అంతే పడుతుంది, బతిమాలినా తిట్టినా ఇరవై నాలుగుకి ఒప్పుకోదు, ఆరు గాజుపలకలు గీమ్సా రంగు తొట్టిలో నీలం నీళ్లలో వరసగా నిలబడి ఉన్నాయి, వాటి ఎదురుగా నేనూ నిలబడి ఉన్నాను, కుర్చీ ఉంది, కూర్చోబుద్ధి కావడం లేదు, నా గుండె తన అలవాటు ప్రకారం నాలుగు సార్లు కొట్టుకుని ఐదోది ఎగ్గొట్టి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్లీ పరుగందుకుంటోంది. పదకొండుకి పది నిమిషాలు తక్కువ. పన్నెండుకి లారీ. ఈ లోయ నుంచి కొండమీది తోలపంపాకి వారానికి ఒక్కసారి, సంత రోజున మాత్రమే పోయే లారీ, దానికోసం బయట వరండాలో కూర్చుని ఉన్నారు పంతొమ్మిదేళ్ల జుల్మా, ఆమె అత్త డోన్యా సతుర్నినా, నిన్న తెల్లవారుజామున నెల ముందుగా పుట్టేసిన జుల్మా కొడుకు. వాళ్ల పక్కన ఒక మట్టి కుండ, దాని మీద తడి గుడ్డ, కుండలో ఆ బిడ్డతో పాటు బయటికొచ్చిన మాయ. ఆ మాయ ముద్రలే ఈ ఆరు పలకల మీద ఉన్నవి. జుల్మా రక్తంలో చాగస్ క్రిమి ఉంది, ఏళ్ల తరబడి గుండెని తొలిచే క్రిమి, అది కాన్పుకి ముందే తెలుసు. బిడ్డకి అంటిందా లేదా అన్నది తెలియదు. మడమ రక్తం నేనే చూశాను, నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి, కనపడలేదు, కనపడకపోతే లేదని కాదు, ఇంకా కొన్ని వారాలు ఆగి చూస్తే గానీ అది రక్తంలో తల ఎత్తకపోవచ్చు. పది నెలలకి మళ్లీ తీసుకురండి అని కాగితం రాసిస్తాం. తోలపంపా నుంచి పది నెలలకి ఎవరూ రారు, తొమ్మిది గంటల దారి, ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డని ఆసుపత్రికి ఎవరు మోసుకొస్తారు. ఏడాది లోపల దొరికితే అరవై రోజుల మందుతో ఇంచుమించు అందరికీ పోతుంది, ఆ తరువాత ఏటికేడాదీ మందు మాట వినడం తగ్గిపోతుంది, నా వయసుకి అసలే వినదు. అందుకని దొరకాలి. ఇవాళే, ఈ గంటలోనే దొరకాలి. ఒక పసివాడి మాయలో జబ్బు దొరకాలని నేను మొక్కుకుంటున్నాను, ఎవరైనా వింటే ఏమనుకుంటారు.

ఇరియార్తే డాక్టరు ఇందాక తలుపు దగ్గర నిలబడి అన్నాడు, "డోన్యా నేలీ, నాకు ఒక్క కారణం చూపించండి, లారీ చక్రాల ముందు పడుకుని అయినా ఆపుతాను. కారణం లేకుండా ఆ ముసలామెతో మాట్లాడటం నా వల్ల కాదు. భయం నాకు." ఇరవై ఆరేళ్లవాడు, పల్లెలో చెయ్యాల్సిన ఏడాది కొలువు అయిపోతే కోచబాంబా నగరానికి పోయి పెళ్లి చేసుకుందామని చూసేవాడు, మంచివాడే. సంతకం పెట్టి తీసుకుపోతామంటే ఎవర్నీ ఆపలేం అని కూడా అన్నాడు, అదీ నిజమే. బిడ్డ పాలు లాగుతున్నాడు, రెండు కిలోల మూడొందలు, ఒంట్లో వేడి లేదు. ముందుగా ఎందుకు పుట్టాడని అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. డోన్యా సతుర్నినా దగ్గర మాత్రం ఉంది. నిన్న వార్డులో అందరూ వినేట్టు చెప్పింది, "ఇంద్రధనస్సు లేచినప్పుడు వాగుకి నీళ్లకి పోయింది. వద్దే అంటే వినదు. ఇప్పుడు చూడు, పిల్లోడు ఎలకపిల్ల మాదిరి వచ్చినాడు." జుల్మా దుప్పటి అంచులోంచి ఊలు దారం ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. ఆ దారం పీకడం నాకు తెలుసు. ఇరవై రెండు నిమిషాలు. కాదు, ఇరవై ఒకటి.

పొద్దున ఏడున్నరకి గేటులోంచి వస్తూనే చూశాను, పెరట్లో కొళాయి కింద డోన్యా సతుర్నినా గొంతుక్కూర్చుని, కుచ్చుల లంగా మోకాళ్ల మధ్యకి దోపుకుని, రేకు బేసినులో మాయని కడుగుతోంది. పసిబిడ్డకి తలంటు పోసినట్టు, వేళ్లు ఒక్కొక్క మడతలోకీ పోనిచ్చి, నీళ్లు పారబోసి, మళ్లీ పట్టి, తేట నీళ్లు వచ్చేదాకా. కడగకుండా పూడిస్తే బిడ్డ మొహాన మచ్చలు తేలతాయి, కళ్లు పుసులు కడతాయి, మా అమ్మా అదే చెప్పేది, మా ఇంటి గుమ్మం పక్కన నీడ పడే చోట మా ఏడుగురివీ ఉన్నాయి. నా లోపల ఒక గొంతు అయ్యో కడిగేసింది, చూడాల్సినదంతా కాలవలో కలిసిపోయింది అంటోంది, ఇంకో గొంతు దాన్ని నోరు మూసుకోమని, ఇంకా ఉంది కదే, నిన్నే పోయిందనుకున్న మాయ ఇంకా ఉంది అని గెంతుతోంది. రాత్రంతా కుండలో పెట్టి చలిలో ఉంచిందట, సొంత గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడా పూడ్చకూడదని. ఇక్కడి రాత్రులు మన్ను గడ్డకట్టే రాత్రులు, ఆ చలికి నేను దణ్ణం పెట్టుకోవాలి. దగ్గరికి పోయి పక్కనే కూర్చున్నాను.

"డోన్యా సతుర్నినా, దాన్ని ఒక్కసారి నాకిస్తారా?"

"ఏం చేసుకుంటావు, పులుసు పెడతావా?"

"అద్దంలో పెట్టి చూస్తాను."

"అద్దంలో నీ మొగం చూసుకో డాక్టరమ్మా, జుట్టు చూడు ఎట్లుందో."

నేను డాక్టరమ్మని కాదని ఆమెకి తెలుసు. పంతొమ్మిదేళ్లుగా ఈ ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే నేలీని, అంతే. వెక్కిరింపుకి ఒక మర్యాద ఉంటుంది, దాన్ని సరిదిద్దకూడదు, నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె బుగ్గన కోకా ఆకు ఇటునుంచి అటు మార్చింది.

"మందు నీళ్లలో ఏస్తావు. పోయినేడు మా మరిది కోడలిది ఏసినారు. చెప్పు తోలు మాదిరి చేసి చేతికిచ్చినారు. పూడిస్తే నేల తినలే. కుక్క గూడా వాసన చూసి ఎళ్లిపోయింది."

"మందులో వెయ్యను. ఒట్టు."

"కోస్తావు గదా."

"కొంచెం."

"యాడ?"

నేను నడిమధ్య చూపించాను, బొడ్డుతాడు వేళ్లూనుకున్న చోటికి కాస్త పక్కన. పంతొమ్మిదేళ్లుగా కోసేది అక్కడే, నాకు నేర్పినాయన అక్కడే కోసేవాడు, మాంసం మందంగా ఉండే చోటు. తడి చేత్తో ఫట్‌మని నా చేతి మీద కొట్టింది. "అది వాడి వేరు. వేరు కోస్తే చెట్టు నిలుస్తుందా? మీ అమ్మ నీకు వంట ఒకటే నేర్పించిందా?" కాసేపు నన్నూ బేసినునీ మార్చి మార్చి చూసి, మాయని రెండు చేతులా ఎత్తి, రొట్టె తిప్పినట్టు తిప్పి, పల్చటి పొర వచ్చి మాంసానికి కలిసే అంచు నా వైపు పెట్టింది. "ఈడ తీసుకో. గోరంత. ఆ గోరంత గూడా మళ్లా నా కుండలోకి రావాల. లోటుగా పూడిస్తే వాడు లోటుగానే పెరుగుతాడు."

అలా తీసుకున్నాను, అంచున మూడు చోట్ల మూడు గోరంత ముక్కలు, ఒక్కొక్కటీ రెండేసి పలకల మీద, కోసిన వైపు కిందికి పెట్టి, మెల్లిగా, జారనివ్వకుండా, గాజుకి ముద్దు పెట్టించినట్టు అద్ది ఎత్తాను. ముక్కలు మూడూ తీసుకుపోయి కుండలో వేశాను, ఆమె తొంగి చూసి, మూడు వేళ్లు మడిచి సరిచూసుకుని, గుడ్డ కప్పింది. మెత్తని మాంసంలోంచి కణాలు కొన్ని పలకకి అంటుకుని ఉండిపోతాయి, గచ్చు మీద తడి కాలి ముద్రలు ఉండిపోయినట్టు, ఆ ముద్రలే నాకు మిగిలినవి, మాయ కాదు, మాయ కాలు పెట్టి వెళ్లిన జాడ. పదిహేను నిమిషాలు. నడుమ కోయనివ్వలేదని ఇందాకటిదాకా మనసులో సణుగుతూనే ఉన్నాను, అంచున ఏముంటుంది, అంచు ఎవరు చూస్తారు, మంచి పలక కాకుండా పోయింది అని. ఇప్పుడు ఆ సణుగుడు కూడా లేదు, ఒంట్లో ఏదో చురుకు, పండగ ముందు రోజు పిల్లలకి ఉండే లాంటిది, నలభై ఏడేళ్ల ఒంట్లో అది ఎక్కడ దాక్కుని ఉందో.

నా మాయని చూసినవాళ్లూ అద్దంలోనే చూశారు, నగరంలో. ఇరవై రెండేళ్ల కింద, ఐదో నెల, ఆడపిల్ల, ఊపిరి లేదు. మాయని డబ్బాలో వేసి కోచబాంబా పంపారు, రెండు నెలలకి కాగితం వచ్చింది, రెండే వాక్యాలు, మాయలో వాపు ఉంది, కారణం తెలియదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని మా వీధిలో నడిచి రావడం గుర్తుంది, మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా పడుకున్న వేళ, కారణం తెలియదు అన్న మాట ఎంత ఖాళీగా ఉందో అంత బరువుగా ఉంది. ఖాళీగా ఉన్న చోట ఎవరో ఒకరు కూర్చుంటారు కదా. మా అత్త కూర్చుంది, మొగుడి మీద కోపం వచ్చినప్పుడు అన్నం మానేసిందిలే అని, ఆడబిడ్డ కూర్చుంది, శవం లేచిన ఇంటికి పోయిందిలే అని, గొర్రె చస్తే ఏడ్చాననీ, ఎత్తు మీది కుండ దించాననీ, చల్లనీళ్లు తాగాననీ, కూర్చోవడానికి వీధి అంతా వచ్చింది, చివరికి నేనూ వచ్చి కూర్చున్నాను, అన్నిటికంటే పెద్ద పీట వేసుకుని. కడుపులో ఉన్నది నాకు ఇష్టమేనా అని ఒకనాడు ఒక్క క్షణం అనుకున్నాను, ఒక్క క్షణమే, బట్టలు ఉతుకుతూ, ఆ క్షణమే కారణం అయి ఉంటుందని నాలుగేళ్లు నమ్మాను. కారణం దొరకని చోట ఆడదే కారణం. మొగుడు వెళ్లిపోయాడు, దానికి కారణాలు దొరికాయి, బోలెడు. నేను ఈ పని నేర్చుకోవడానికి పోయాను, ఎందుకని అడిగిన వాళ్లకి జీతం వస్తుందని చెప్పాను, అబద్ధం కాదు, కానీ మొదటి రోజు సూక్ష్మదర్శినిలోకి వంగినప్పుడు నేను వెతికింది ఆ ఖాళీలో కూర్చోవలసిన వాడి కోసం. అసలు వాడి కోసం. అయిదు నిమిషాలు. నాలుగు.

తీశాను. కొళాయి ధార నేరుగా పడనివ్వకుండా మెత్తగా కడిగి, గోడకి ఆనించి ఆరబెట్టాను, ఊదితే ఆరుతుందని ఊదాను కూడా, పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఊదలేదు, కొత్తగా చేరిన వాళ్లు ఊదితే కోప్పడతాను. పదకొండూ ఇరవై. నూనె చుక్క, పెద్ద కటకం, వెలుగు. లోపల సంత. అమ్మో, ఎంత తేటగా ఉంది. ఎప్పుడూ ఇలా ఉండదు, ఎప్పుడూ తల్లి రక్తకణాలు ఒలికిపోయిన పప్పులా పలకంతా పరుచుకుని ఉంటాయి, వాటి కింద ఏముందో తవ్వుకోవాలి, ఇవాళ పప్పు లేదు, తేట నీళ్లు వచ్చేదాకా కడిగేసింది కదా ముసలమ్మ, ఉన్నవాళ్లు ఉన్నట్టు కనపడుతున్నారు. గుంపు ఉంది. చిన్న గుండ్రటి కణాలు, ఒంటి నిండా కేంద్రకమే ఉన్నవి, వాటి మధ్య ఒళ్లు పెరిగిన భక్షక కణాలు, మెడలు చాచి, మూగి, దొంగ పట్టుబడ్డ వీధిలా ఉంది. ఇది వాపే. ఖాయంగా వాపు, జుల్మా మాయ పోట్లాడింది, వాగు దగ్గర నీళ్లు ముంచుకుంటున్నప్పుడు కూడా లోపల పోట్లాడుతూనే ఉంది. గుంపు ఉంది గానీ దొంగ ఏడి? గుంపు ఒక్కటే సరిపోదు, నా కాగితంలో కూడా గుంపు ఉంది.

రెండో పలక. ఎవరి మీద గుమిగూడారు, చెప్పండమ్మా, ఎవరి మీద. ఉమ్మనీరు ముందే పోయి కింది నుంచి సూక్ష్మజీవులు పాకి ఉంటే వచ్చే గుంపు వేరు, కేంద్రకం ముక్కలు ముక్కలైన కణాలు వస్తాయి, చీము మనుషులు, వాళ్లు ఇక్కడ ఇద్దరో ముగ్గురో, దారిన పోతూ ఆగినవాళ్లు. పచ్చి జున్నులోంచి వచ్చేది ఉంది, సంతలో ఆకు మీద పెట్టి అమ్మే తెల్ల జున్ను, అదీ చీమునే పిలుస్తుంది. సవాయి అనే సుఖరోగానికి పరీక్ష ఆరో నెలలోనే చేశాను, లేదు. పిల్లుల నుంచి వచ్చేది ఒకటి ఉంది, అది అరటికాయలా వంపుగా ఉంటుంది, తోలపంపాలో ఎలకల కోసం ఇంటికో పిల్లి, కాదనలేను, చూడాలి. ఇంకోటి ఉంది, అన్నిటికంటే నాకు భయం అదే, దొంగే లేకుండా గుంపు చేరడం, కడుపులో ఉన్నదానిలో సగం పరాయివాడిదని తల్లి ఒంటికి ఏదో ఒక రోజు గుర్తొచ్చి తన బిడ్డ మీదికే మనుషుల్ని తోలడం, ఎందుకో ఎవరికీ తెలియకపోవడం. అదే అయితే నేను మళ్లీ ఆ రెండు వాక్యాలు రాయాలి, ఈసారి నా చేత్తో. రెండో పలక అయిపోయింది. గుంపు, గుంపు. మూడో పలక, రంగు మడ్డి కట్టింది, ఊదినందుకు, నాకు బుద్ధి లేదు. పదకొండూ ముప్పై ఆరు. బయట లారీ వాడు వచ్చేశాడు, హారన్ రెండు సార్లు కొట్టాడు, సంత మూటలు ఎక్కించండి అని అరుస్తున్నాడు, గుండె నాలుగు కొట్టి ఒకటి, కాదు, మూడు కొట్టి ఒకటి, ఆగవే నువ్వు, నీ సంగతి తరువాత. నా గుండెలోనూ వాడే ఉన్నాడు, గోడ పగుళ్లలో ఉండే విన్చూకా పురుగు కుట్టి ఇచ్చిందో, మా అమ్మ మాయ దాటి వచ్చాడో నాకు ఎప్పటికీ తెలియదు, మా అమ్మది ఎవరూ అద్దంలో చూడలేదు.

నాలుగో పలక. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, వరస పోనివ్వకుండా, దున్నినట్టు. గుంపు దట్టంగా ఉంది ఇక్కడ, దట్టం, ఇంకా దట్టం, భక్షక కణాల మధ్య ఒకటి ఉబ్బి ఉంది, సంచిలా, సంచి నిండా గింజల్లా, ఊదా చుక్కలు. చుక్కల్ని నమ్మకూడదు. చుక్కల్ని నమ్మి ఎంతమంది మోసపోయారు, రంగు మడ్డి కూడా చుక్కలే. మర మెల్లిగా తిప్పాను, వెంట్రుకవాసి, మడ్డి అయితే కణం మీద పైన తేలుతుంది, కణం మసకేసినప్పుడు అది స్పష్టంగా ఉంటుంది. ఇవి కణంతో పాటే మసకేశాయి, కణంతో పాటే తేటపడ్డాయి. లోపల ఉన్నాయి. గుండ్రంగా ఉన్నాయి, వంపు లేదు, పిల్లులది కాదు. ఊపిరి బిగపట్టాను. ఇప్పుడు గీత. చుక్క పక్కన చిన్న గీత ఉండాలి, అగ్గిపుల్ల విరిచి పెట్టినట్టు, అది ఉంటేనే వాడు, అది వాడి మీసం, ఇంకెవరికీ ఉండదు. వెలుగు తగ్గించాను. ఒకదానికి ఉంది. కళ్లు మూసుకుని తెరిచాను. ఉంది. దాని పక్కదానికీ ఉంది. చుక్క, గీత. చుక్క, గీత. చుక్క, గీత, చుక్క, గీత, పదకొండు, పద్నాలుగు, ఇరవై దాకా పోయి లెక్క తప్పాను, పక్క కణంలోనూ ఉన్నారు, ఆ పక్క దాంట్లోనూ, ఇల్లు ఇల్లంతా పడుకుని ఉన్నారు, చిక్కారు, వాళ్లే, వాళ్లే, ఓరి దొంగల్లారా!

కుర్చీ పడిపోయింది. నేనే తోశానేమో. నవ్వుతున్నాను, గది ఖాళీగా ఉంది, ఒక్కదాన్నే నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను, ఇది ఏం నవ్వు, దీనికి పేరేంటి, బయట ఒక తల్లి ఒడిలో ఒక పసివాడు, వాడి మాయ నిండా క్రిములు, నేను పండగ చేసుకుంటున్నాను. సిగ్గుపడాలి. సిగ్గుపడ్డాను, సిగ్గు ఒక పక్కన కూర్చుంది, నవ్వు ఆగలేదు. అప్పుడు అంచు గుర్తొచ్చింది. అంచు. పొర వచ్చి మాంసానికి కలిసే చోట, అక్కడ గోడ పల్చన, తల్లి రక్తానికీ బిడ్డ మాంసానికీ మధ్య కావలి తక్కువ, దొంగ ఇంటికి ఎటునుంచి వస్తాడు, నడవలోంచా, పెరటి గోడ కూలిన చోటు నుంచి వస్తాడు కానీ. పంతొమ్మిదేళ్లు నేను నడవలో కూర్చుని కాపలా కాశాను. మూడేళ్ల కింద రుఫీనో అని ఒక పిల్లవాడు, వాడి మాయ మంచి మందమైన నడుమ కోసి, నాలుగు రోజులు మందు నీళ్లలో ఊరబెట్టి, పద్ధతిగా పది పలకలు చేసి, కనపడలేదు అని రాశాను. ఏడాదిన్నర తరువాత వాళ్లమ్మ మళ్లీ కడుపుతో వచ్చి, పెద్దవాడు ఏడి అంటే, వాడు పోయాడు కదా, గుండె ఉబ్బి, అంది, ఆకుకూర ధర చెప్పినట్టు. రుఫీనో ఒక్కడేనా, ఎంతమంది అంచులు నేను చూడకుండానే కుండల్లోకి తిరిగిచ్చేశాను. ఈ లెక్క ఇప్పుడు వెయ్యను, తరువాత వేస్తాను, జీవితమంతా ఉంది వెయ్యడానికి, ఒక ముసలమ్మ నా చెయ్యి కొట్టింది కాబట్టి ఇవాళ ఒకడున్నాడు, పదకొండూ నలభై ఎనిమిది, పరిగెత్తు.

ఇరియార్తే డాక్టరుని చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను. వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఇది బిడ్డ వైపు మాంసమేనా?"

"బిడ్డ వైపే."

"మాయలో ఉంటే బిడ్డలో ఉన్నట్టు ఖాయం కాదు, డోన్యా నేలీ."

"ఖాయం కాదు. ఆపడానికి చాలదా?"

"చాలు." తల ఎత్తాడు, అతని మొహం కూడా చిన్నపిల్లాడి మొహంలా ఉంది. "బాలింతల ఇంట్లో గది ఉంది, ఖర్చేం లేదు. నెల రోజులు ఉంచి వారం వారం రక్తం చూద్దాం, కనపడిన రోజే మందు మొదలు." గడియారం చూశాడు. "ముసలామెకి మాత్రం మీరే చెప్పండి."

గేటు దాటేసరికి లారీ పొగ వదులుతోంది. మొక్కజొన్న బస్తాల మీద జుల్మా అప్పటికే ఎక్కి కూర్చుంది, కోడిపెట్టల బుట్టకీ ఉప్పు మూటకీ మధ్య, డోన్యా సతుర్నినా బిడ్డని రంగుల దుప్పట్లో వీపుకి కట్టుకుని, కుండ చంకన పెట్టుకుని, ఒక కాలు చక్రం మీద వేసి ఉంది. నేను ఆమె లంగా కుచ్చు పట్టుకున్నాను, ఊపిరి అందడం లేదు, మాటలు ముందూ వెనకా వచ్చాయి, దొరికింది అన్నాను, అంచున అన్నాను, మీరు చెప్పిన చోటే, మీరు కడగడం వల్లే, క్రిమి, గూళ్లు గూళ్లుగా, జుల్మా ఒంట్లోది మాయలోకి వచ్చింది, వాపుకి కారణం అదే, ముందుగా పుట్టడానికీ అదే అయి ఉంటుంది, బిడ్డ రక్తంలోకి కూడా పోయి ఉండొచ్చు, ఉంటే ఇప్పుడు పట్టుకోవచ్చు, ఇప్పుడైతే మందుకి లొంగుతుంది డోన్యా, ఇప్పుడైతే లొంగుతుంది. పైనుంచి జుల్మా తొంగి చూసింది.

"అయితే నేను ఏం చెయ్యలేదా?"

"ఏం చెయ్యలేదమ్మా నువ్వు. ఏమీ చెయ్యలేదు."

ఆ పిల్ల బస్తా మీద చెయ్యి ఆనించుకుంది. డోన్యా సతుర్నినా అటు చూడలేదు. నన్నే చూస్తోంది. నమలడం ఆపేసింది.

"నువ్వు నవ్వుతా ఉండావు," అంది.

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది.

"నా మనవడి ఒంట్లో పురుగు ఉందేమో అని చెప్తా నవ్వుతా ఉండావే, సిగ్గు లేదా నీకు?"

"ఉంది డోన్యా. ఆగడం లేదు."

లారీ వాడు కిటికీలోంచి, "అవ్వా, ఎక్కుతావా, పోనిమ్మంటావా?" అని కేకేశాడు. "నోరు మూసుకో రా, నీ లారీ ఏమన్నా విమానమా," అని తల తిప్పకుండానే అంది. ఆమె కళ్లు చిన్నవి, గాలికి ఎండిన కళ్లు, వాటిల్లోకి ఇంతసేపు ఎవర్నీ చూడనిచ్చి ఉండదు. "మా ఆయనకి చెప్పిన డాక్టరు కిటికీలోకి చూస్తా చెప్పినాడు," అంది, గొంతు తగ్గించి, నాకొక్కదానికే. "మా పెద్దోడికి చెప్పినాయన కాగితంలోకి చూస్తా చెప్పినాడు. మావాళ్లిద్దరూ పోయినారు. ఈ పురుగు పేరు ఎత్తి నవ్విన మనిషిని నిన్నే చూస్తా ఉండా."

చక్రం మీది కాలు దించింది. "దిగవే," అంది పైకి, "దిగు, దద్దమ్మా, పాలు కారిపోతా ఉండాయి చూసుకోకుండా ఆ కోళ్లని చూస్తా కూర్చుంటివి." కుండని బస్తాల మీద, కోళ్ల బుట్టకి దూరంగా, జరగకుండా కుదురుగా పెట్టింది. అది ఈ రాత్రికి గుమ్మం దగ్గర మన్నులోకి పోవాల, దానితో నేను పోవాల, మీరు ఉండండి, వచ్చే సంతకి వస్తా, అని ఎవరికి చెప్తోందో తెలియకుండా చెప్పుకుంటూ, ఛాతీ మీది ముడి విప్పి, వీపు మీది మూటని ముందుకి తిప్పింది. దుప్పట్లోంచి ఒక ఎర్రటి పిడికిలి బయటికొచ్చి గాలిని పట్టుకుంది. ఆమె బిడ్డని నా వైపు చాచింది, నేను చేతులు చాచాను, వదలకుండా ఒక్క క్షణం ఆగింది.

"రెండు చేతులా పట్టుకో," అంది. "నవ్వుతా నవ్వుతా పడేసేవు."